శిశువిహారం నుంచి చట్టసభకు



బడిలో పాఠాలు చెప్పినవారు రాజ్యం నడిపే చోటికి వెళ్ళడం మనకు కొత్త సంగతి కాదు. తత్త్వశాస్త్రం బోధించిన సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు 1962లో రాష్ట్రపతి అయ్యారు. చిన్నతనంలోనే తోటి ఆడవాళ్ళకు హిందీ నేర్పిన మన దుర్గాబాయమ్మ రాజ్యాంగ సభలో కూర్చున్నారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి అధ్యక్షురాలయ్యారు. వీరి కథలు మీకు తెలిసినవే. అందుచేత ఈవేళ సముద్రాలకు అవతల ఉన్న ఇంకో పంతులమ్మను గురించి చెబుతాను. ఆవిడ కాలేజీలో ఆచార్యురాలు కాదు, హైస్కూలు టీచరు కూడా కాదు. మూడేళ్ళ, నాలుగేళ్ళ పసివాళ్ళకు బొమ్మలిచ్చి, పాలిచ్చి, కథలు చెప్పి, మధ్యాహ్నం నిద్రపుచ్చే శిశువిహారం పంతులమ్మ. పేరు షర్లీ చిజం. అమెరికా దేశపు కాంగ్రెసుకు ఎన్నికైన మొట్టమొదటి నల్లజాతి మహిళ ఆవిడే. కాంగ్రెసు అంటే మన కాంగ్రెసు పార్టీ కాదు సుమండీ. మనకు పార్లమెంటు ఎలాగో వాళ్ళకు కాంగ్రెసు అలాగ.

ఆవిడ గొప్ప పదవులు చేశారని చెప్పడం కోసం నేను ఈ కథ ఎత్తుకోలేదు. "పిల్లల్ని ఎవరు చూస్తారు? ఇంటి పని ఎవరు చేస్తారు? చేసినవాళ్ళకు దక్కేదేమిటి?" అని మనం వంటింట్లో నిలబడి అనుకునే ప్రశ్నలను ఆవిడ చట్టసభ దాకా మోసుకుపోయారు. అందుకోసం చెబుతున్నాను.

షర్లీ 1924 నవంబరు 30న న్యూయార్కు నగరంలోని బ్రూక్లిన్‌లో పుట్టింది. తల్లిదండ్రులు కరీబియన్ ప్రాంతం నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్ళు. తండ్రి ఫ్యాక్టరీలో కూలి. తల్లి బట్టలు కుట్టేది, పరాయి ఇళ్ళలో పాచిపని కూడా చేసేది. వరసగా ఆడపిల్లలు. ఇద్దరూ పనికి పోతే గాని ఇల్లు గడవదు, ఇద్దరూ పనికి పోతే పిల్లల్ని చూసేవారు లేరు. చివరకు ఆ తల్లి గుండె రాయి చేసుకుని, షర్లీనీ ఇద్దరు చెల్లెళ్ళనూ ఓడెక్కించి బార్బడోస్ దీవిలో ఉన్న తన తల్లి దగ్గర వదిలి వచ్చింది. అప్పటికి షర్లీ ఇంకా పసిపిల్లే.

మన దేశంలోనూ పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలి పనికోసం పట్నానికి వచ్చే తల్లులు ఎందరు లేరు! పండక్కో పబ్బానికో వెళ్ళి చూసి వస్తారు. ఆ తల్లికి అదీ లేదు, మధ్యలో సముద్రం. 1934లో మళ్ళీ బ్రూక్లిన్ చేరే నాటికి షర్లీకి తొమ్మిదేళ్ళు దాటాయి. అయితే ఆ అమ్మమ్మ మాత్రం సామాన్యురాలు కాదు. క్రమశిక్షణ గల మనిషి. ఊళ్ళో ఒకే గది ఉన్న బడికి పంపించింది. ఇంగ్లీషువారి పద్ధతిలో చదువు చాలా కట్టుదిట్టంగా చెప్పేవారట. తనకు చక్కగా మాట్లాడడం, రాయడం వచ్చిందంటే ఆ బడి చలవేనని ఆవిడ పెద్దయ్యాక ఎప్పుడూ చెప్పుకునేవారు.

తరవాత బ్రూక్లిన్ కాలేజీలో చదివి 1946లో పట్టా పుచ్చుకున్నారు. వక్తృత్వపు పోటీల్లో బహుమతులు వచ్చాయి. ఒక అధ్యాపకుడు ఆవిడ ప్రసంగం విని, నువ్వు రాజకీయాల్లోకి వెళ్ళాలమ్మా అన్నారట. నేను నల్లదాన్ని, పైగా ఆడదాన్ని, ఆ సంగతి మరిచిపోతున్నారా అని షర్లీ బదులు చెప్పారట. ఆ రోజుల్లో చదువుకున్న నల్లజాతి అమ్మాయికి తెరిచి ఉన్న తలుపు ఒక్కటే, టీచరు పని. అదయినా సులువుగా దొరకలేదు. సన్నగా, పొట్టిగా, బడిపిల్లలా కనిపించేసరికి వెళ్ళిన చోటల్లా పొమ్మన్నారు. చివరికి హార్లెం ప్రాంతంలో ఒక శిశువిహారంవారు, ముందు కొన్నాళ్ళు చూస్తామంటూ తీసుకున్నారు. అక్కడ ఏడేళ్ళు పనిచేశారు. పగలు పిల్లలతో ఉండి, సాయంత్రాలు కొలంబియా విశ్వవిద్యాలయానికి వెళ్ళి శిశువిద్యలో ఎం.ఏ. పూర్తి చేశారు. 1949లో కాన్రాడ్ చిజం అనే ఆయనతో పెళ్ళయింది. 1950ల నడుమ మన్‌హటన్‌లో ఒక పెద్ద శిశువిహారానికి డైరెక్టరయ్యారు. నూటికి పైగా పిల్లలు, రెండు డజన్ల సిబ్బంది. 1959 నుంచి నగరంలోని శిశువిహారాల శాఖకు సలహాదారుగా ఉన్నారు.

ఇక్కడ కాస్త ఆగుదాం. శిశువిహారం పంతులమ్మకు లోకం ఎలా తెలుస్తుంది? పిల్లలవల్ల, పిల్లల్ని దింపే తల్లులవల్ల. పొద్దున్నే పరుగు పరుగున వచ్చి బిడ్డను అప్పగించే తల్లి మొహం చూస్తే ఆమె ఇంటి పరిస్థితి సగం తెలిసిపోతుంది. సాయంత్రం ఆలస్యంగా వచ్చే తల్లి ఎందుకు ఆలస్యమయిందో తెలుస్తుంది. వాళ్ళలో చాలామంది ఇతరుల పిల్లలకు స్నానాలు చేయించి, ఇతరుల ఇళ్ళు తుడిచి వచ్చేవాళ్ళే. తన బిడ్డను చూసేందుకు దిక్కులేని మనిషి పరాయి బిడ్డను సాకుతూ ఉంటుంది! షర్లీ తల్లి కథా అదే. అందుకే ఆ తల్లుల సంగతి ఆవిడకు ఎవరూ పుస్తకంలో రాసి చూపించవలసిన అవసరం లేకపోయింది.

పని చేస్తూనే ఆవిడ తన పేటలోని డెమొక్రాటిక్ పార్టీ క్లబ్బుకు వెళుతుండేవారు. ఆ క్లబ్బులో ఆడవాళ్ళకిచ్చిన పని ఏమిటనుకున్నారు? ఏటా లాటరీ టిక్కెట్లు అమ్మి, పేకాట విందు జరిపి క్లబ్బు ఖర్చులకు డబ్బు పోగుచెయ్యడం. ఆ టిక్కెట్లూ చిల్లరా వేసుకునే సిగార్ల పెట్టెలను రంగు కాగితాలతో అలంకరించడం షర్లీ వంతు. డబ్బు తెచ్చేది ఆడవాళ్ళు, దాన్ని ఎలా ఖర్చు పెట్టాలో చెప్పేది మగవాళ్ళు. ఈ ఏర్పాటేమిటని ఆవిడ తోటి ఆడవాళ్ళను నిలదీశారు. మన పనికి క్లబ్బు సొమ్ములోంచి ఖర్చులిమ్మని అడుగుదాం రమ్మన్నారు. క్లబ్బు పెద్దలకు కోపం వచ్చిందని వేరే చెప్పాలా! మన మహిళామండలుల్లో, గుళ్ళ ఉత్సవాల్లో, పెళ్ళిళ్ళలో కూడా అరిసెలు వండేది మనమే. లెక్కల పుస్తకం మాత్రం ఎవరి చేతిలో ఉంటుందో మీకు తెలియనిది కాదు.

1964లో న్యూయార్కు రాష్ట్ర శాసనసభకు పోటీచేసి గెలిచారు. 1965 నుంచి నాలుగేళ్ళు అక్కడ ఉన్నారు. ఆ నాలుగేళ్ళలో చేసినవాటిలో మూడు చెబుతాను. బీద పిల్లలు కాలేజీలో చేరి నిలదొక్కుకునేందుకు డబ్బుసాయం, అదనపు పాఠాలు ఇచ్చే పథకం ఒకటి. ఇళ్ళలో పనిచేసేవారికి పని పోయినప్పుడు నిరుద్యోగ భృతి రావడం రెండోది. ఇక మూడోది వినండి. బడిపంతులమ్మ కాన్పుకోసం సెలవు పెడితే, తిరిగి వచ్చేసరికి ఆమె పాత సర్వీసు లెక్కలోకి రాకుండా పోయేది. బిడ్డను కన్న నేరానికి మళ్ళీ మొదటి మెట్టు నుంచి ఎక్కవలసి వచ్చేది. ఆ అన్యాయాన్ని చట్టం ద్వారా తీయించారు. ఈ మూడింటిలో ఏదయినా శిశువిహారం గుమ్మం దగ్గర నిలబడనివారికి తట్టేదంటారా?

1968లో కాంగ్రెసుకు పోటీ. ఎదుటి అభ్యర్థి జేమ్స్ ఫార్మర్, పౌరహక్కుల పోరాటంలో దేశమంతటికీ తెలిసిన నాయకుడు. ఆయన కూడా నల్లజాతివారే. మన జాతికి ఇప్పుడు గట్టి మగవాడి గొంతు కావాలి అనే ధోరణిలో ప్రచారం సాగింది. మధ్యలో షర్లీకి కణితి వచ్చి ఆపరేషను జరిగింది. పూర్తిగా కోలుకోకముందే లేచి, మైకు కట్టిన బండి ఎక్కి వీధి వీధికీ తిరిగారు. ఆ పేటలో స్పానిషు మాట్లాడేవాళ్ళు చాలామంది. వాళ్ళతో ఆవిడ స్పానిషులోనే మాట్లాడారు. నన్ను ఎవరూ కొనలేదు, నా మీద ఎవరి పెత్తనమూ లేదు అన్న అర్థం వచ్చే మాటను తన నినాదంగా పెట్టుకున్నారు. ఓటర్ల జాబితాలో మగవారికన్నా ఆడవారే ఎక్కువ. ఆ లెక్క ఫార్మర్‌గారి మనుషులు వేసుకోలేదు కాబోలు, షర్లీ వేసుకున్నారు. పేటలోని మహిళా సంఘాలు, తల్లుల సంఘాలు ఆవిడ వెంట నడిచాయి. ఆయనకు వచ్చిన ఓట్లకు రెండు రెట్లకు పైగా ఆవిడకు వచ్చాయి.

1969 జనవరిలో కాంగ్రెసులో అడుగుపెట్టారు. కొత్త సభ్యులకు ఏ సంఘంలో పని ఇవ్వాలో పెద్దలు నిర్ణయిస్తారు. పల్లె అన్నది లేని బ్రూక్లిన్ నుంచి వచ్చిన ఈవిడను వ్యవసాయ సంఘంలో, అందులోనూ అడవుల విభాగంలో వేశారు. కొత్తవాళ్ళు ఇచ్చింది పుచ్చుకుని ఊరుకోవడం అక్కడి ఆనవాయితీ. కొత్త కోడలు అత్తవారింట మాట్లాడకూడదన్నట్టు! ఆవిడ ఊరుకోలేదు. సభలో లేచి అభ్యంతరం చెప్పారు. చివరికి మాజీ సైనికుల సంఘానికి మార్చారు. మా పేటలో చెట్లకన్నా మాజీ సైనికులే ఎక్కువ, ఇది నయమే అని ఆవిడ అన్నారట. 1971లో తాను కోరుకున్న విద్య, కార్మిక సంఘంలో చోటు దొరికింది.

ఆ ఏడాదే తన మనసుకు అన్నిటికన్నా దగ్గరయిన పని చేపట్టారు. దేశమంతటా ప్రభుత్వ సాయంతో శిశువిహారాలు పెట్టాలని బెల్లా అబ్జుగ్ అనే సభ్యురాలితో కలిసి బిల్లు తెచ్చారు. అదే ఆశయంతో ఇతర సభ్యులు తయారు చేసిన మరో బిల్లు ఉభయ సభల్లోనూ నెగ్గింది. బీదవారికి ఉచితంగా, కలిగినవారికి వారి ఆదాయాన్నిబట్టి రుసుముతో పిల్లల్ని చూసే కేంద్రాలు వచ్చేవి. కాని 1971 డిసెంబరు 9న ప్రెసిడెంటు నిక్సన్ ఆ బిల్లును తిరస్కరించారు. కుటుంబం చెయ్యవలసిన పెంపకాన్ని సర్కారు సామూహికంగా చెయ్యకూడదు, ఇది కుటుంబాన్ని బలహీనపరుస్తుంది అన్నది ఆయన వాదం. ఈ వాదాన్ని మనం తేలిగ్గా కొట్టిపారెయ్యనక్కరలేదు. తల్లి ఒడికి సాటి ఏదీ లేదని మనలోనూ చాలామందిమి నమ్ముతాం. కాని ఇంట్లో కూర్చుని పెంచే భాగ్యం లేని తల్లి సంగతేమిటి? తన తల్లికి అటువంటి కేంద్రం ఒకటి వీధి చివర ఉండి ఉంటే, షర్లీ అమ్మ ఒడికి దూరంగా సముద్రం దాటి వెళ్ళవలసి వచ్చేదే కాదు. ఆ కుటుంబాన్ని విడదీసింది శిశువిహారం కాదు, అది లేకపోవడం.

మరి నాలుగేళ్ళకు, 1975 అక్టోబరు 2న, మన దేశంలో 33 చోట్ల సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలయింది. మనం అంగన్‌వాడీ అని పిలిచేది దానినే. బీద దేశమైన మనం మొదలుపెట్టిన పనిని, ధనిక దేశం చేతిదాకా వచ్చి కూడా జారవిడుచుకుంది.

1972లో ఆవిడ ఏకంగా దేశాధ్యక్ష పదవికి డెమొక్రాటిక్ పార్టీ తరఫు అభ్యర్థిగా నిలబడతానని ప్రకటించారు. గెలుస్తానని ఆవిడా అనుకోలేదు. ఎవరో ఒకరు మొదట నిలబడాలి కదా అన్నారు. నల్లజాతి మగ నాయకులు చాలామంది కలిసిరాలేదు. స్త్రీల హక్కులు కోరే నాయకురాళ్ళు కొందరు నోటితో మెచ్చుకుని, ఓటు దగ్గర తప్పుకున్నారు. ఆ జులైలో పార్టీ మహాసభలో ఆవిడకు 152 మంది ప్రతినిధుల ఓట్లు వచ్చాయి. తాను నల్లదాన్ని కావడంవల్ల కన్నా ఆడదాన్ని కావడంవల్లే ఎక్కువ అడ్డంకులు ఎదుర్కొన్నానని ఆవిడ పదే పదే చెప్పేవారు.

ఆ ప్రచారంలోనే ఒక సంఘటన జరిగింది. అదే పదవికి పోటీపడుతున్నవారిలో అలబామా గవర్నరు జార్జి వాలెస్ ఒకరు. తెల్లవారి బడుల్లోకి నల్లపిల్లలు రాకూడదని పట్టుబట్టి పేరుపొందిన మనిషి. 1972 మే 15న ఆయనను ఒకడు తుపాకితో కాల్చాడు. ప్రాణం దక్కింది గాని కాళ్ళు పడిపోయాయి. షర్లీ ఆసుపత్రికి వెళ్ళి ఆయనను పలకరించారు. ఆవిడ మనుషులే మండిపడ్డారు. మీవాళ్ళు ఏమంటారో ఆలోచించావా అని వాలెస్ కూడా అడిగారట. మీకు జరిగింది ఎవరికీ జరగకూడదు అని ఆవిడ చెబితే, ఆయన కంట నీరు పెట్టుకున్నారట. పగవాడి ఇంట చావు వస్తే మనం గడప దాకా అయినా వెళ్ళి వస్తాం. ఆవిడ చేసిందీ అలాంటిదే. ఏమీ ఆశించి వెళ్ళలేదు. కాని రెండేళ్ళ తరవాత ఆ పలకరింపుకు ఒక ఫలితం వచ్చింది.

అదేమిటో చెప్పేముందు కొంచెం వెనక్కి వెళ్ళాలి. అమెరికాలో 1938లో కనీస వేతనాల చట్టం వచ్చింది. ఫ్యాక్టరీ కార్మికులకు గంటకు ఇంతకన్నా తక్కువ ఇవ్వరాదని నిర్ణయించారు. ఇళ్ళలో పనిచేసేవారిని మాత్రం అందులో చేర్చలేదు. వాళ్ళలో నల్లజాతి ఆడవాళ్ళే జాస్తి. దక్షిణాది రాష్ట్రాలలో తెల్లవారి ఇళ్ళన్నీ వాళ్ళ రెక్కల మీదే నడిచేవి. ఆ రాష్ట్రాల సభ్యులకు ఈ మార్పు సుతరామూ ఇష్టం లేదు. ముప్పై అయిదేళ్ళపాటు అంట్లు తోమే చేతులు చట్టం కంటికి ఆనలేదు. 1970ల మొదట్లో ఆ పనివారే సంఘాలుగా ఏర్పడి అడగడం మొదలుపెట్టారు. అట్లాంటా నగరంలో డరతీ బోల్డెన్ అనే ఆవిడ, తాను చిన్నప్పటినుంచీ పనిమనిషే, 1968లో పెట్టిన సంఘం అందులో పేరున్నది. కాంగ్రెసు లోపల షర్లీ వాళ్ళ గొంతయ్యారు. తన తల్లి కూడా ఆ పనే చేసిందని చెప్పుకోవడానికి ఆవిడ సిగ్గుపడలేదు.

ఇల్లాళ్ళు అంత జీతం ఇచ్చుకోలేరు, ఉన్న పనులు కూడా పోతాయి అని ఎదుటివారి వాదం. 1973లో బిల్లు నెగ్గితే నిక్సన్ మళ్ళీ తిరస్కరించారు. 1974లో మళ్ళీ తెచ్చారు. ఈసారి దక్షిణాది సభ్యులు కొందరిని ఒప్పించడానికి వాలెస్‌గారే సాయం చేశారని షర్లీ చెప్పారు. ఆ ఏప్రిల్‌లో బిల్లు చట్టమయింది. ఇంటి పనివారికి గంటకు 1 డాలరు 90 సెంట్లకు తగ్గకుండా ఇవ్వాలన్నారు. అందరికీ అందిందా అంటే, లేదు. అప్పుడప్పుడు వచ్చి పిల్లల్ని చూసే ఆయాలనూ, ముసలివారికి తోడుగా ఉండేవారినీ ఆ చట్టం వదిలేసింది. అయినా, ఇంటి పని కూడా పనే అని ఆ దేశపు చట్టం ఒప్పుకున్నది అప్పుడే.

1983 దాకా, అంటే పధ్నాలుగేళ్ళు, ఆవిడ కాంగ్రెసులో ఉన్నారు. తరవాత ఏం చేశారనుకున్నారు? మళ్ళీ పాఠాలు చెప్పడానికే వెళ్ళారు. మౌంట్ హోల్యోక్ అనే ఆడపిల్లల కాలేజీలో నాలుగేళ్ళు రాజకీయాలు, సమాజశాస్త్రం బోధించారు. 1993లో జమైకాకు రాయబారిగా పంపుతామంటే ఆరోగ్యం బాగా లేక వద్దన్నారు. 2005 జనవరి 1న ఫ్లారిడాలో, ఎనభయ్యో ఏట కన్నుమూశారు. పదేళ్ళ తరవాత 2015లో ప్రెసిడెంటు ఒబామా ఆ దేశపు అత్యున్నత పౌర పురస్కారాన్ని ఆవిడ పేర ప్రకటించారు. తనను మొదటి నల్లజాతి సభ్యురాలు అని గుర్తుపెట్టుకోనక్కరలేదు, మార్పుకోసం పాటుపడిన ఒక స్త్రీ అని గుర్తుపెట్టుకుంటే చాలు అన్నది ఆవిడ కోరిక.

అమ్మలారా, ఆవిడ కథ విని మనం ఎన్నికల్లో నిలబడాలని నేననను. నిలబడితే సంతోషమే అనుకోండి. కాని చట్టసభకు వెళ్ళకుండా చెయ్యగలిగింది కూడా కొంత ఉంది. మన ఇంటికి వచ్చే పనిమనిషి రెండు రోజులు నాగా పెడితే మనకు ఇల్లు ఇల్లులా ఉండదు. ఆ నాగాకు జీతం కోస్తాం. మనింట్లో ఉద్యోగం చేసేవారికి మాత్రం ఆదివారం సెలవుకు జీతం వస్తుంది, జ్వరం వస్తే సెలవుంటుంది. ఆమెకు జ్వరం రాదా? ఆమె మన ఇంట్లో ఉన్నంతసేపూ ఆమె చంటిబిడ్డ ఎక్కడున్నాడో మనలో ఎందరం అడిగాం? ఇంటి పనివారికీ ఇతర కార్మికులలాగే వారానికొక సెలవు, న్యాయమయిన వేతనం ఉండాలని 2011లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒక ఒడంబడిక కూడా చేసింది. అంత దూరంనుంచి వచ్చిన మాట మన పెరటి గుమ్మం దాటి లోపలికి రావాలంటే, తలుపు తియ్యవలసింది మనమే.

మనం రోజంతా చేసే ఇంటి చాకిరీకి విలువ లేదని మనం బాధపడతాం. బాధపడడంలో న్యాయం ఉంది. అదే చాకిరీని ఇంకొక ఆడది మనకోసం చేసినప్పుడు దానికి ముందుగా విలువ కట్టవలసినవాళ్ళం కూడా మనమే. ఒకటో తారీఖు వస్తోంది. ఈసారి జీతం ఇచ్చేటప్పుడు నెలకు రెండు రోజులు కోత లేని సెలవు నీది అని ఆమెతో చెప్పి చూడండి. మీ ఇంటి లెక్కల పుస్తకంలో తేడా ఎంత వస్తుందో వేసుకోండి. ఆమె ఇంట్లో ఎంత తేడా వస్తుందో ఆమెనే అడగండి.

సెలవు.